అయోవాలోని ఏమ్స్: కాలేజీ ముందా, ఊరు ముందా? జనాభా లెక్కల్లో ఆ గెంతు ఎందుకు?

పలకాబలపం:

వికీపీడియా కోసం అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఏమ్స్ నగరం మీద తెలుగులో వ్యాసం సిద్ధం చేస్తున్నాను. (ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కాదు. వెతికితే ముందు అదే వస్తోంది!) మొలక (నాలుగు ముక్కల చిన్న వ్యాసం) స్థాయిలో వదిలేయకుండా ఊరు ఎలా పెరిగిందో సరిగ్గా రాయాలని ఉంది. జనగణన అంకెలు వరసగా పెట్టుకున్నాను:

1870లో 636, 1880లో 1,153, 1890లో 1,276, 1900లో 2,422, 1910లో 4,223, 1920లో 6,270, 1930లో 10,261, 1940లో 12,555, 1950లో 22,898, 1960లో 27,003, 1970లో 39,505, 1980లో 45,775, 1990లో 47,198, 2000లో 50,731, 2010లో 58,965, 2020లో 66,427.

ఇక్కడే చిక్కుకున్నాను. 1880 నుంచి 1890 దాకా, అక్కడి కాలేజీ (ఇప్పటి అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం) నడుస్తున్నా, ఊరు పదేళ్లలో 123 మంది మాత్రమే పెరగడం ఏమిటి? 1940 నుంచి 1950కి ఒక్కసారిగా 82 శాతం పెరగడం ఏమిటి? మ్యాపు చూస్తే ఊళ్లో రెండు బజార్లు ఉన్నాయి. ఒకటి రైలు పట్టాల పక్కన మెయిన్ స్ట్రీట్, ఇంకోటి క్యాంపస్ ఎదురుగా. మధ్యలో చాలా మేర ఖాళీ. ఎవరైనా ప్లాన్ చేసి అలా వదిలారా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఏం రాస్తే తప్పవుతుందో కూడా చెబితే ఇంకా మేలు.

---

పాతపటం:

మూడో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిదీ దానంతటదే తేలిపోతుంది, అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

కాలేజీయే ముందు. వ్యవసాయ కాలేజీ, మాదిరి పొలం పెట్టాలని అయోవా శాసనసభ చట్టం చేసింది 1858 మార్చి 22న. మరుసటి ఏడాది స్టోరీ కౌంటీలో 648 ఎకరాలు కొన్నారు. మొత్తం ధర 5,379 డాలర్లు, అంటే ఎకరం ఎనిమిది డాలర్ల పైచిలుకు. అప్పటికి అక్కడ ఊరూ లేదు, రైలూ లేదు. 1860లో కట్టడం మొదలైన ఫార్మ్ హౌస్ క్యాంపస్‌లో ఇప్పటికీ ఉంది, అన్నిటికన్నా పాత కట్టడం అదే.

రైలు వచ్చింది 1864లో. సీడర్ రాపిడ్స్ అండ్ మిస్సోరి రివర్ రైల్‌రోడ్ వాళ్లు స్టేషన్ పెట్టుకున్నారు, దాని చుట్టూ ఊరు వెలిసింది. స్టేషన్‌కి కావలసిన స్థలం కొనిపెట్టింది సింథియా ఆలివ్ డఫ్. పేరు మాత్రం ఓక్స్ ఏమ్స్‌ది. ఆయన మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యుడు, రైల్వేల్లో పెట్టుబడిదారు. ఆ లైను వేయించిన జాన్ బ్లెయిర్ ఆయన పేరు పెట్టాడు. వ్యాసంలో "ఊరి స్థాపకుడు ఏమ్స్" అని రాయకండి, చాలామంది చేసే పొరపాటు అది.

ఇప్పుడు అసలు సంగతి. ఊరికి తూర్పున స్కంక్ నది, పడమట ఒక వాగు. ఆ రెండిటి మధ్య మెరక మీద స్టేషన్, మెయిన్ స్ట్రీట్. కాలేజీ వాగుకి అవతల మెరక మీద. రెండిటికీ మధ్య దాదాపు రెండు మైళ్లు. ఆ నడుమ భూమి వాగు పొంగితే మునిగే పల్లం. మీరు అడిగిన "ఖాళీ" అదే. ఎవరూ ప్లాన్ వేసి వదల్లేదు, నీళ్లు వచ్చే చోటని ఇల్లు కట్టుకోలేదు, అంతే.

అందుకే 1880లలో ఊరు పెరగలేదు. తరగతులు 1869లో మొదలయ్యాయి కానీ విద్యార్థులు తినడం, పడుకోవడం, చదవడం అంతా ఓల్డ్ మెయిన్ అనే ఒకే పెద్ద భవనంలో. పైగా విద్యా సంవత్సరం మార్చి నుంచి నవంబరు దాకా. చలికాలంలో పిల్లలు పల్లె బడుల్లో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయేవారు. బురద దారిలో రెండు మైళ్లు వచ్చి మెయిన్ స్ట్రీట్‌లో సరుకులు కొనే అవసరం ఎవరికి? ఊరు స్టేషన్ మీద, చుట్టుపక్కల రైతుల మీద బతికింది. కాలేజీ తన మానాన తను ఒక చిన్న ఊరులా బతికింది.

రెండిటినీ కలిపింది ఒక బుల్లి ఆవిరి రైలు. ఏమ్స్ అండ్ కాలేజ్ రైల్వే, జనం నోట్లో "డింకీ". 1891 నుంచి 1907 దాకా నడిచింది. క్యాంపస్‌లో దాని స్టేషన్‌గా 1892లో కట్టిన హబ్ భవనం ఇంకా నిలిచి ఉంది. 1907లో డింకీ పోయి కరెంటు ట్రాలీ వచ్చింది. ఇదే కాలంలో కాలేజీ వైపు భూమి నాలుగో వార్డుగా నగరంలో కలిసింది. 1890 అంకెకీ 1900 అంకెకీ మధ్య తేడాలో ఈ రెండిటి పాత్రా ఉంది.

క్యాంపస్ ఎదుటి బజారు పుట్టడానికి ఇంకో కారణం అగ్గి. 1900లో ఒకసారి, 1902లో మరోసారి ఓల్డ్ మెయిన్ కాలిపోయింది. దాని స్థానంలో వచ్చినదే ఇప్పుడు బియర్డ్‌షియర్ హాల్ అంటున్న భవనం, కట్టింది 1906లో. అందులో పడకలు లేవు. మగ పిల్లలు చాలామంది అద్దె గదులు వెతుక్కున్నారు, మెస్సులు వచ్చాయి, వాటి వెనక దుకాణాలు వచ్చాయి. 1913లో లింకన్ హైవే ఆ వీధి మీదుగానే గుర్తించారు. అందుకే దాని పేరు లింకన్ వే.

ఆ పల్లాన్ని చివరికి విశ్వవిద్యాలయమే వాడుకుంది. 1969లో స్టీఫెన్స్ ఆడిటోరియం, 1971లో హిల్టన్ కొలీజియం, 1975లో స్టేడియం అక్కడే కట్టారు. కార్లు ఆపుకోవడానికి విశాలమైన చోటు, క్యాంపస్‌కి నడిచే దూరం. వాగు మాత్రం తన దారి మరిచిపోలేదు. 1993 జులైలో హిల్టన్ లోపల పదడుగులకు పైగా నీళ్లు నిలిచాయి. 2010 ఆగస్టులో మళ్లీ మునిగింది. ఆ రెండోసారి తాగునీటి పైపులు కూడా పగిలి ఊరంతా కుళాయి ఆగిపోయింది.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. ఆ వాగు ఇప్పటి పేరు ఐయోవే క్రీక్, 2021లో మార్చారు. పాత పటాల్లో, 1993, 2010 వరద నివేదికల్లో స్క్వా క్రీక్ అని ఉంటుంది. ఆ మాట మూలవాసి స్త్రీలను కించపరిచేది కాబట్టి మార్చారు. రెండూ ఒకటేనని తెలియక రెండు వాగులుగా రాసే ప్రమాదం ఉంది.

---

లెక్కలపద్దు:

1940–50 సంగతి నేను చెబుతాను. ఇందులో పెరుగుదల కొంత, లెక్క మారడం కొంత.

1940 దాకా అమెరికా జనగణనలో కాలేజీ విద్యార్థిని తల్లిదండ్రుల ఇంటి దగ్గరే లెక్కేసేవారు. 1950 నుంచి కాలేజీ ఊళ్లో ఎక్కడ ఉంటే అక్కడ లెక్కేయడం మొదలుపెట్టారు. అంటే 1940లో ఉన్న 12,555లో విద్యార్థులు దాదాపు లేరు. 1950లో ఉన్న 22,898లో ఉన్నారు. ఈ రెండిటినీ నేరుగా పోల్చి "82 శాతం వృద్ధి" అని రాస్తే తప్పు. పదేళ్లలో పదివేలమంది వలస వచ్చారని వ్యాసం చదివినవాళ్లు అనుకుంటారు.

నిజమైన పెరుగుదల లేదని కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం చదువు ఖర్చు ఇచ్చింది. పెళ్లయి, పిల్లలున్నవాళ్లు కూడా కాలేజీకి వచ్చారు. వాళ్ల కోసం 1946లో క్యాంపస్‌కి ఉత్తరాన పామెల్ కోర్ట్ అని ఒక వాడ పెట్టారు. ట్రైలర్లు, సైన్యం వదిలేసిన రేకు బరాకులు, అర్ధచంద్రాకారపు క్వాన్‌సెట్ గుడిసెలు. తాత్కాలికం అన్నారు, దశాబ్దాలు ఉంది.

మీ పట్టికలో 1950 అంకె పక్కన ఒక వివరణ పెట్టండి: "ఈ ఏడాది నుంచి విద్యార్థులు కలిపి." శాతాలు లెక్కేయాలంటే 1870–1940 ఒక ముక్కగా, 1950–2020 ఇంకో ముక్కగా చూపించండి. ఇది ఏమ్స్‌కే కాదు, ఏ కాలేజీ ఊరి వ్యాసానికైనా వర్తిస్తుంది.

1960–70 మాత్రం అచ్చంగా పెరుగుదలే. పదేళ్లలో 12,502 మంది. విశ్వవిద్యాలయంలో చేరినవాళ్ల సంఖ్య ఆ కాలంలో దాదాపు రెట్టింపైంది. క్యాంపస్‌కి దక్షిణాన నాలుగు హాస్టల్ టవర్లు లేచాయి, వాటిలో రెండిటిని 2005లో పేల్చి కూల్చేశారు.

ఇంకో తప్పు చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది: జనాభా 66 వేలు, విద్యార్థులు 30 వేలు, మొత్తం 96 వేలు అని కలిపేయడం. 1950 తర్వాత విద్యార్థులు జనాభా లోపలే ఉన్నారు. విడదీయాలంటే ఇలా చేయండి. సెన్సస్ బ్యూరో వెబ్‌సైట్‌లో 2020 రీడిస్ట్రిక్టింగ్ డేటాలో పీ5 అనే టేబుల్ తీసి, ప్రదేశం దగ్గర ఏమ్స్ సిటీ, అయోవా ఎంచుకోండి. అందులో కాలేజీ హాస్టళ్లలో ఉన్నవాళ్లు వేరే వరసలో ఉంటారు. 2010కి అదే సమాచారం ఎస్ఎఫ్1లో పీ42 టేబుల్‌లో దొరుకుతుంది. బయట అద్దెకు ఉండే విద్యార్థులు ఇందులో రారు. వాళ్లని అంచనా వేయాలంటే వయసు పట్టిక చూసి 18–24 మధ్య వాళ్లలోంచి హాస్టల్ సంఖ్య తీసేయడమే దగ్గరి దారి. ఖచ్చితమైనది కాదు, కానీ వ్యాసానికి సరిపోతుంది.

2020 అంకె గురించి ఒక మాట. జనగణన తేదీ ఏప్రిల్ 1. అప్పటికి కోవిడ్ వల్ల క్యాంపస్ ఖాళీ అయింది. అయినా నియమం ప్రకారం విద్యార్థులని మామూలుగా ఉండే చోటే, అంటే ఏమ్స్‌లోనే లెక్కేయాలి. హాస్టళ్ల లెక్క విశ్వవిద్యాలయం ఇస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. బయటి అపార్ట్‌మెంట్ల వాళ్లలో కొందరు అమ్మానాన్నల ఇంటి ఫారంలో చేరిపోయే వీలుంది. కాబట్టి 66,427ని ఒకటి రెండు మనుషుల దాకా పట్టుకుని వాదించొద్దు.

---

నాగలి:

పై ఇద్దరూ చెప్పింది బాగుంది. కానీ విద్యార్థులొక్కరితోనే ఊరు ఇంత కాలేదండి. కాలేజీలో పుట్టి, కాలేజీ గడప దాటి ఉద్యోగాలుగా మారినవి చూడాలి.

మొదట డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. 1862లో మోరిల్ చట్టం: వ్యవసాయం, యంత్ర విద్య నేర్పే కాలేజీలకు ఒక్కో రాష్ట్రానికి కేంద్రం భూములిచ్చింది. దాన్ని అందరికన్నా ముందు ఒప్పుకున్న రాష్ట్ర శాసనసభ అయోవాదే, అదే ఏడాది సెప్టెంబరులో. దక్కింది 2 లక్షల ఎకరాలకు పైగా. మూలవాసుల చేతుల్లోంచి తీసుకున్న నేల అదంతా. ఆ వాక్యం వ్యాసంలో ఉండాల్సిందే.

తర్వాత రోడ్లు. 1904లో అయోవా హైవే కమిషన్ కాలేజీలోనే, ఇంజనీరింగ్ వాళ్ల చేతిలో మొదలైంది. ఇప్పటి రాష్ట్ర రవాణా శాఖ ప్రధాన కార్యాలయం రాజధాని డి మోయిన్‌లో కాక ఏమ్స్‌లో ఉండటానికి కారణం అదే. అక్కడ పనిచేసిన థామస్ మెక్‌డొనాల్డ్ 1919 నుంచి 1953 దాకా కేంద్ర రోడ్ల విభాగానికి అధిపతి.

ఆ ఇంజనీరింగ్ విభాగపు ఆన్‌సన్ మార్‌స్టన్ రూపకల్పన చేసిందే క్యాంపస్ నీళ్ల ట్యాంకు. 1895లో నీటి కరువొచ్చింది. 1897లో ఉక్కు స్తంభాల మీద 168 అడుగుల ఎత్తున, 1,62,000 గ్యాలన్లు పట్టే ట్యాంకు లేపారు. మిసిసిపి నదికి పడమట ఎత్తైన స్తంభాల మీద కట్టిన మొదటి ఉక్కు ట్యాంకు. ఇప్పుడు నీళ్లు లేవు కానీ నిలబడే ఉంది. వ్యాసానికి ఫొటో పెట్టాలంటే గంటల గోపురం బదులు ఇది పెట్టండి, ఊరు ఎలా ఎదిగిందో ఇది ఎక్కువ చెబుతుంది.

యుద్ధకాలంలో ఫ్రాంక్ స్పెడింగ్ బృందం యురేనియం శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టింది. 1942 డిసెంబరులో షికాగోలో నడిచిన మొదటి అణు రియాక్టర్‌కి కావలసిన యురేనియం లోహంలో మూడో వంతు, సుమారు రెండు టన్నులు, ఏమ్స్‌దే. యుద్ధం అయ్యేసరికి వెయ్యి టన్నులు దాటింది. ఆ పని 1947లో ఏమ్స్ లేబొరేటరీ అయింది, ఇప్పటికీ కేంద్ర ఇంధన శాఖ ప్రయోగశాల. 1961లో పశువ్యాధుల జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది. ఇవన్నీ ఏడాది పొడుగునా జీతాలిచ్చేవి, సెలవులకి ఖాళీ అయ్యేవి కావు.

కంప్యూటర్ పుట్టింది కూడా ఇక్కడే: అటనసాఫ్, బెర్రీలు 1939–42లో ఫిజిక్స్ భవనం నేలమాళిగలో తయారుచేశారు.

మనకీ ఒక చుట్టరికం ఉంది, నేరుగా ఏమ్స్‌తో కాదు, ఇంకో రాష్ట్రంలోని ఊరితో. ఇలాంటి కాలేజీ ఊరే కాన్సాస్‌లోని మాన్‌హాటన్. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికా సహాయ పథకం కింద తోడు నిలిచింది అక్కడి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే కప్పు కింద ఉండాలన్న రాజేంద్రనగర్ పద్ధతి ఈ మోరిల్ చట్టపు కాలేజీల నుంచి వచ్చిందే. విస్తరణ అంటే ఏమిటో అయోవాలో చూడొచ్చు: 1904లో పెర్రీ హోల్డెన్ మొక్కజొన్న విత్తనాల మీద రైలు పెట్టెల్లో పాఠాలు చెబుతూ స్టేషన్ స్టేషన్‌కీ తిరిగాడు. తెలుగు పాఠకుడికి ఈ ఒక్క పేరా పెడితే వ్యాసం దగ్గరవుతుంది.

---

పలకాబలపం:

అందరికీ చాలా థాంక్సండి. పట్టిక రెండు ముక్కలు చేశాను. ఇంకో అనుమానం. పేదరికం శాతం చూస్తే ఏమ్స్ చాలా పేద ఊరులా కనిపిస్తోంది, ఊరు చూస్తే అలా లేదు. అద్దెల గురించి కూడా రాయాలా? 2018లో ఏదో నియమం మారిందని ఒక చోట, 2019లో మారిందని ఇంకో చోట ఉంది.

---

లెక్కలపద్దు:

పేదరికం సంగతి తేలిక. ఆ లెక్కలో హాస్టల్ పిల్లలని కలపరు, బయట గది తీసుకున్న విద్యార్థిని కలుపుతారు. అతని సంపాదన చాలా తక్కువ ఉంటుంది, కాబట్టి చాలాసార్లు పేద కింద పడతాడు. సెన్సస్ బ్యూరో వాళ్ల ఎస్1701 టేబుల్ (మనుషుల లెక్కన పేదరికం) ఒక్కటే కాకుండా, కుటుంబాలకే పరిమితమైన ఎస్1702 కూడా తీసుకోండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎంతో పాఠకుడికే తెలుస్తుంది.

---

అద్దెచీటీ:

రెండు తేదీలూ నిజమే, అవి వేర్వేరు నియమాలు. వరస ఇది.

ముందు ఏమ్స్‌లో చాలా వీధుల్లో ఒక అద్దె ఇంట్లో చుట్టరికం లేనివాళ్లు ముగ్గురికి మించి ఉండకూడదనే నియమం ఉండేది. 2017లో రాష్ట్ర శాసనసభ, చుట్టరికాన్ని బట్టి మనుషుల సంఖ్య కట్టడి చేయకూడదని నగరాలన్నిటికీ అడ్డం వేసింది. అది 2018 జనవరి నుంచి అమలైంది. దాంతో నగరం పడకగదుల సంఖ్యని బట్టి కట్టడి పెట్టింది. దాంతోపాటు క్యాంపస్ చుట్టుపక్కల కొన్ని వాడల్లో అద్దె ఇళ్లు 25 శాతం దాటకూడదని హద్దు గీసింది. 2019లో రాష్ట్రం ఆ హద్దు కూడా చెల్లదంది. మూడు దశలు రాయండి, "2018లో అద్దె నియమం ఎత్తేశారు" అని ఒక్క ముక్కలో రాస్తే ఏదీ అర్థం కాదు.

ఈ గొడవ వెనక ఉన్నది విద్యార్థుల సంఖ్యే. 2016లో 36,660 మందితో అది శిఖరానికి చేరింది. పాత ఇళ్లు కొని గదుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు పెరిగారు, సొంతింట్లో ఉండేవాళ్లు గగ్గోలు పెట్టారు. తర్వాత చేరికలు తగ్గి 2020లో 31,825 అయ్యాయి. కట్టడం మొదలైన అపార్ట్‌మెంట్లు మాత్రం ఆగవు కదా.

అద్దె ఒప్పందాల తీరు కూడా ఒక వాక్యం రాయదగ్గది. చాలా వరకు అన్నీ జులై 31తో ముగుస్తాయి, ఆగస్టు 1న కొత్తవి మొదలవుతాయి. ఒక రాత్రి సామానుకి నీడ ఉండదు. సోఫాలు, పరుపులు రోడ్డు పక్కన గుట్టలు పడతాయి. ఏమ్స్‌కి ఇది మామూలు చెత్త సమస్య కాదు: చెత్తని ముక్కలు చేసి కరెంటు కేంద్రంలో మండించే ప్లాంటు నగరానికి 1975లోనే వచ్చింది, అమెరికాలో పురపాలక సంస్థ నడిపిన మొదటిది. పెద్ద సోఫాలు ఆ యంత్రాలకి పడేవి కావు. అందుకని ఆ వారం వదిలేసిన సామాను ఒక చోట చేర్పించి చవగ్గా అమ్మే ఏర్పాటు చేశారు, పేరు రమేజ్ ర్యాంపేజ్.

బస్సు మరిచిపోకండి. సైరైడ్ 1976లో మొదలైంది. నగరం, విశ్వవిద్యాలయం, విద్యార్థి సంఘం ముగ్గురూ కలిసి ఖర్చు భరిస్తారు. ఈ సైజు ఊరికి అంత పెద్ద బస్సు వ్యవస్థ ఉండటానికి కారణం ఆ మూడో వాటా. డింకీ చేసిన పనే ఇప్పుడిది చేస్తోంది.

---

పాతపటం:

నాగలి గారి పోస్టులో ఒక్క సవరణ. "కంప్యూటర్ పుట్టింది ఇక్కడే" అని రాస్తే వికీలో గంటలో తీసేస్తారు. అటనసాఫ్–బెర్రీ యంత్రం ఎలక్ట్రానిక్ పద్ధతిలో, బైనరీ అంకెలతో లెక్క చేసింది నిజమే, కానీ ఇష్టమొచ్చిన ప్రోగ్రాం ఎక్కించేది కాదు, ఏకకాల సమీకరణాలు సాధించడానికే కట్టింది. "1973లో కోర్టు ఎనియాక్ అనే కంప్యూటర్ పేటెంటును చెల్లదని తీర్పిస్తూ అటనసాఫ్ పనిని ముందటిదిగా గుర్తించింది" అని రాయండి. అది నిలబడుతుంది.

పాత వీధులు చూసి రాయాలంటే శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు తీయండి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. సాధారణంగా అంగుళానికి 50 అడుగులు. రంగు పటంలో పసుపు అంటే చెక్క ఇల్లు, గులాబీ అంటే ఇటుక, నీలం అంటే రాయి. ఒకే వీధిని వేర్వేరు ఏళ్ల పటాల్లో పక్కపక్కన పెట్టి, పసుపు గళ్లు ఎక్కడ గులాబీ అవుతున్నాయో చూస్తే బజారు ఎటు జరిగిందో తెలిసిపోతుంది. నలుపు తెలుపు మైక్రోఫిల్మ్ స్కాన్లు వాడకండి, వాటిలో పసుపూ గులాబీ రెండూ బూడిద రంగే. ఇంకో చిక్కు: ఈ పటాలు బీమా ఉన్న దట్టమైన చోట్లకే గీసేవారు. పల్లం భాగానికి రేకే లేకపోతే అక్కడ పటం పోయిందనుకోకండి, గీయడానికి ఇళ్లు లేవు.

కౌంటీ ముఖ్య పట్టణం ఏమ్స్ అని రాసి ఉంటే దిద్దేయండి. అది తూర్పున ఉన్న నెవేడా. రాష్ట్రం పేరు నెవాడా వేరు, ఈ ఊరు పలికేది నెవేడా. కోర్టు, పాత భూమి దస్తావేజులు అక్కడే. 1859 నాటి పొలం కొనుగోలు పత్రాల కోసం ఏమ్స్ సిటీ హాల్‌కి రాస్తే పని జరగదు.